పేలున్నాయని పంపేస్తే సరా?

బడిలో ఒక పిల్లకి తల నిండా పేలు. పక్కన కూర్చున్నవాళ్లకీ ఎక్కుతాయి. అప్పుడేం చేస్తారు? ఆ పిల్లని విడిగా కూర్చోబెడతారు. లేదంటే తగ్గాక రమ్మని ఇంటికి పంపేస్తారు. గజ్జి అయినా ఇంతే, తామర అయినా ఇంతే, కళ్లకలక అయినా ఇంతే. మిగతా పిల్లల సంగతి చూడాలి కదా మరి!

బాగానే ఉంది. కానీ ఇంటికెళ్లిన ఆ పిల్ల సంగతేమిటి? అమ్మ పొద్దున్నే పనికి వెళ్లిపోతే ఆ తల దువ్వేదెవరు? మందు కొనేదెవరు? తగ్గిందో లేదో చూసి మళ్లీ బడికి పంపేదెవరు?

నూట ఇరవై ఏళ్ల కిందట న్యూయార్క్ నగరంలో ఒక నర్సు ఈ ప్రశ్న వేసింది. వేసి ఊరుకోలేదు. జవాబు కూడా తనే చేసి చూపించింది. ఆమె పేరు లిలియన్ వాల్డ్. ముప్ఫయ్యేళ్లు పిల్లలకు పాఠాలు చెప్పిన నాకు ఆమె జీవితం గురించి చదువుతుంటే, ఎవరో మా బడి గురించే మాట్లాడుతున్నట్టనిపించింది. అందుకే మీతో పంచుకుంటున్నాను.

కలిగిన ఇంటి పిల్ల

లిలియన్‌ది లేమి ఎరగని కుటుంబం. 1867 మార్చి 10న అమెరికాలోని సిన్సినాటిలో పుట్టింది. యూరప్ నుంచి వలస వచ్చి స్థిరపడిన యూదుల కుటుంబం వాళ్లది. తండ్రి కళ్లద్దాల సామగ్రి వ్యాపారం చేసేవాడు. తర్వాత కాపురం రోచెస్టర్‌కి మారింది. మంచి బట్టలు, మంచి బడి, ఇంటినిండా పుస్తకాలు... దేనికీ లోటు లేదు. పదహారో ఏట వాసర్ కాలేజీలో చేరతానని దరఖాస్తు పెట్టింది. వయసు చాలదని వాళ్లు తీసుకోలేదు.

ఆ తర్వాత కొన్నేళ్లు ఏం చెయ్యాలో తోచలేదు. ఆ కాలంలో కలిగిన ఇంటి ఆడపిల్ల ముందున్న దారి ఒక్కటే... పెళ్లి. సరిగ్గా అప్పుడే అక్కకి ఒంట్లో బాగాలేక ఇంటికి ఒక నర్సు వచ్చింది. ఆమె పనితనం, ధైర్యం చూసి లిలియన్ మనసు అటు మళ్లింది. 1889లో న్యూయార్క్ హాస్పిటల్ నర్సుల శిక్షణలో చేరి 1891లో బయటికొచ్చింది. కొన్నాళ్లు పిల్లల ఆశ్రమంలో పనిచేసింది. అక్కడి తీరు నచ్చక డాక్టరు కావాలని ఆడవాళ్ల వైద్య కళాశాలలో చేరింది.

ఆ చదువు పూర్తి కాలేదు. దానికి కారణం ఒక చిన్నపిల్ల.

ఆ పాప వెనకే...

న్యూయార్క్‌లో ఈస్ట్ సైడ్ అనే పేట ఉంది. రష్యా, పోలండ్, ఇటలీ దేశాల నుంచి బతుకుతెరువు కోసం వచ్చిన వాళ్లంతా అప్పట్లో అక్కడ చేరేవారు. ఐదారు అంతస్తుల ఇరుకు కొంపలు, గాలీ వెలుతురూ లేని గదులు. ఒక్కో గదిలోనే వంట, పడక, కుట్టుపని. ఆ పేట ఆడవాళ్లకి ఇంట్లో రోగిని ఎలా చూసుకోవాలో నేర్పడానికి లిలియన్ వెళ్తుండేది.

1893 మార్చిలో ఒక రోజు. పక్క ఎలా వెయ్యాలో చూపిస్తోంది. ఇంతలో ఒక పాప వచ్చి, అమ్మకి బాగాలేదు రమ్మని బతిమాలింది. లిలియన్ చేతిలో దుప్పట్లతోనే పాప వెంట బయల్దేరింది. సన్నగా వాన. బురద సందులు దాటి, మసి పట్టిన మెట్లెక్కి ఒక గదిలోకి వెళ్లింది. ఆ తల్లికి రెండు రోజుల కిందట కాన్పయింది. రక్తస్రావంతో అలాగే పడుంది. ఏడుగురున్న కుటుంబానికి ఉన్నవి రెండు గదులు. అందులోనే అద్దెకి మరికొందరు. డబ్బు కట్టలేదని డాక్టరు మధ్యలోనే వదిలేసి పోయాడు.

లిలియన్ ఆమెని శుభ్రం చేసింది. పక్క మార్చింది. పసిబిడ్డకి స్నానం చేయించింది. ఇంటిల్లిపాదీ ఆమె చేతులు పట్టుకుని దణ్ణాలు పెట్టారట. ఆ అరగంటే ఆమె జీవితాన్ని మార్చింది. ఇలాంటివాళ్లు ఇన్ని వేలమంది ఉండగా తను లేబొరేటరీలో కూర్చుని ఏం చేస్తున్నట్టు? వైద్య కళాశాల మానేసింది. తోటి నర్సు మేరీ బ్రూస్టర్‌తో కలిసి అదే పేటలో కాపురం పెట్టింది. ఐదో అంతస్తులో చిన్న వాటా. 1895లో జేకబ్ షిఫ్ అనే వ్యాపారి సాయంతో హెన్రీ వీధిలో 265 నంబరు ఇంటికి మారారు. ఆ ఇల్లే తర్వాత హెన్రీ స్ట్రీట్ సెటిల్‌మెంట్‌గా పేరుపొందింది.

వాళ్ల పద్ధతి చాలా సులువు. డాక్టరు చీటీ ఉంటేనే వస్తామనలేదు. ఎవరు కబురుపెట్టినా వెళ్లారు. ఇవ్వగలిగినవాళ్లు కొన్ని సెంట్లు ఇచ్చేవారు, లేనివాళ్లని అడిగేవారు కాదు. దిగి మళ్లీ ఎక్కడం దండగని ఈ డాబా మీంచి ఆ డాబా మీదికి దాటుకుంటూ వెళ్లేవారు. చేతిలో నల్లసంచి, ఒంటిమీద నీలం దుస్తులు. ఆ నర్సుల్ని ఎరగని ఇల్లు ఆ పేటలో లేదు.

తలమీద పుండు... చదువుకి అడ్డు

తిరుగుతూండగా లిలియన్‌కి ఒక కుర్రాడు కనిపించాడు. పన్నెండేళ్లు. ఒక్కరోజు కూడా బడి మొహం చూడలేదు. ఎందుకని ఆరా తీస్తే తలమీద పుండ్లు. ఎగ్జిమా అన్నమాట. వెళ్లిన ప్రతిసారీ ఆ తల చూసి బడివాళ్లు వద్దనేవారు.

పోనీ వైద్యం చేయించలేదా అంటే, చేయించింది ఆ తల్లి. ఆస్పత్రికి తీసుకెళ్లింది, మందు తెచ్చింది. దాన్ని ఎలా రాయాలో, ఎన్నాళ్లు రాయాలో మాత్రం ఆమెకి అర్థమయ్యేలా ఎవరూ చెప్పలేదు. లిలియన్ చేసింది పెద్ద వైద్యమేమీ కాదు. ఆ మందునే సరైన పద్ధతిలో రాసింది. కొన్ని వారాల్లో పుండ్లు మాడిపోయాయి. ఆ సెప్టెంబరులో కుర్రాడు బడిలో చేరాడు.

ఆలోచించండి. పన్నెండేళ్ల వయసొచ్చినా వాడికి అక్షరం రాలేదు. మందు లేక కాదు, మందుకీ తల్లికీ మధ్య ఒక మనిషి లేక! ఇలా బడికి దూరమైన పిల్లల వివరాలు లిలియన్ రాసి పెట్టుకోవడం మొదలెట్టింది.

ఇంకోవైపు ఉండాల్సినవాళ్లు ఇంట్లో ఉండేవాళ్లు కాదు. స్కార్లెట్ ఫీవర్ వచ్చి ఒంటి చర్మం ఊడుతున్న పిల్లాడు తరగతిలో కూర్చుని ఉండటం ఆమె కళ్లబడింది. ఆ సంగతి నేరుగా నగర ఆరోగ్యశాఖ అధికారి దాకా తీసుకెళ్లింది. 

చీటీ ఇచ్చారు... పంపేశారు

1897లో న్యూయార్క్ నగరం బళ్లకి 150 మంది డాక్టర్లని పెట్టింది. రోజుకో గంట పని. టీచరు అనుమానపడిన పిల్లల్ని చూడటం, అంటువ్యాధి ఉంటే ఇంటికి పంపడం... అంతవరకే వాళ్ల బాధ్యత. వైద్యం చెయ్యడం వాళ్ల పనికాదు.

1902 వచ్చేసరికి తనిఖీలు గట్టి చేశారు. ట్రకోమా అనే కళ్లజబ్బు అప్పుడు పిల్లల్లో బాగా ఉండేది. ముదిరితే చూపు పోతుంది. దానితోపాటు పేలు, గజ్జి, తామర, చీముపొక్కులు. ఏది కనబడినా పిల్ల చేతిలో కాగితం పెట్టి ఇంటికి పంపేసేవారు. ఆ ఒక్క సెప్టెంబరులోనే బళ్ల నుంచి వెనక్కి పంపింది 10,567 మందిని!

ఆ కాగితాలేమయ్యాయి? చాలామంది తల్లులకి ఇంగ్లీషు రాదు. చదవగలిగినా అందులో రాసిన జబ్బు పేరు అర్థంకాదు. ఆస్పత్రికి వెళ్తే ఆ రోజు కూలి పోతుంది. పెద్దపిల్లయితే ఇంట్లోనే ఉందిగా అని చంటిదాన్ని చేతిలో పెట్టి తల్లి పనికి పోయేది. ఇంకో విచిత్రం చూడండి. అంటుకుంటుందని బడి నుంచి పంపేసిన పిల్లలు సాయంత్రం కాగానే అదే వీధిలో అదే తరగతి పిల్లలతో ఆడుకునేవారు. అంటే అంటువ్యాధీ ఆగలేదు, చదువూ దక్కలేదు. రెంటికీ చెడ్డ రేవడి!

డాక్టరు జబ్బు కనిపెడుతున్నాడు, అంతే. దాన్ని నయంచేసి పిల్లని మళ్లీ బడిలో కూర్చోబెట్టేవాళ్లు లేరు. లోటు ఇక్కడుందని లిలియన్‌కి తెలుసు. లండన్‌లో అప్పటికే నర్సులు బళ్లకి వెళ్తున్నారు. ఆ పని కోసం 1898లో అక్కడ ఒక సంఘమే ఏర్పడింది. మనమెందుకు చెయ్యకూడదనుకుంది.

ఒక్క నెల... నాలుగు బళ్లు

లిలియన్ నగర అధికారుల దగ్గరికెళ్లి ఒక మాట చెప్పింది. మా నర్సుని ఒకర్ని నెల్లాళ్లు మీ బళ్లకి పంపుతాను, జీతం మేమే ఇస్తాం. ఫలితం కనిపిస్తే మాత్రం తర్వాత ఖర్చు నగరమే పెట్టుకునేలా చూడాలి... ఇదీ ఆమె షరతు. ఈ షరతులోనే ఆమె తెలివంతా ఉందంటాను నేను. దాతల డబ్బుతో ఎన్నాళ్లు నడుస్తుంది? దాత వెనక్కి తగ్గితే పని ఆగిపోతుంది. పిల్లల ఆరోగ్యం ఎవరో దయతలిచి చేసే దానంలా ఉండకూడదు, సర్కారు బాధ్యతగా ఉండాలి. ఈ ముక్క ఆమె ముందే ఆలోచించి పెట్టుకుంది.

ఆ పనికి ఆమె ఎంచుకున్న నర్సు లీనా రోజర్స్. కెనడా అమ్మాయి. 1902 అక్టోబరులో నాలుగు బళ్లు అప్పజెప్పారు. నాలుగింటిలో కలిపి దాదాపు పదివేలమంది పిల్లలు. ప్రత్యేకంగా గది ఉండేది కాదు. ఎక్కడ కాస్త చోటిస్తే అక్కడే సంచి తెరిచేది.

ఆమె పని ఎలా సాగేదంటే... డాక్టరు గుర్తించిన పిల్లలు ఒక్కొక్కరే వచ్చేవారు. చిన్న పుండయితే కడిగి, మందు రాసి, కట్టుకట్టి తిన్నగా తరగతికి పంపేసేది. రేపు మళ్లీ రావాలి, అంతే. ఇంటికి పంపడం లేదు. కళ్లజబ్బులాంటివి అయితే ఆస్పత్రికి వెళ్లేలా చూసేది. బడి పనయ్యాక అసలు పని మొదలయ్యేది. ఆ పిల్లల ఇళ్లకి నడిచేది. పేలు ఎలా తియ్యాలి, మందు ఎంతసేపు ఉంచాలి, తువాలు విడిగా ఎందుకు పెట్టాలి... అన్నీ తల్లి ఎదుట చేసి చూపించేది. తిట్టడం లేదు, శుభ్రం తెలియదని ఈసడించడం లేదు.

ఆ ఒక్క నెలలో లీనా రోజర్స్ 893 సార్లు చికిత్స చేసింది. 137 ఇళ్లకి వెళ్లింది. అంతకుముందు ఏ వైద్యమూ అందని పాతికమంది పిల్లలు నయమై తిరిగి బడికొచ్చారు.

అధికారులకి ఇంకేం చెప్పక్కర్లేకపోయింది. నగర ఖజానా నుంచి డబ్బు మంజూరైంది. మరో 12 మంది నర్సుల్ని తీసుకున్నారు. ఏడాది తిరిగింది. 1903 సెప్టెంబరులో ఎంతమందిని వెనక్కి పంపారో తెలుసా? 1,101 మందిని. పదివేల చిల్లర ఎక్కడ, పదకొండు వందలెక్కడ! జబ్బులు మాయమైపోలేదు. జబ్బున్న పిల్లకి బడిలోనే మందు దొరికింది, ఇంటిదాకా ఒక మనిషి వెళ్లింది. చూడబోతే అంతే తేడా.

అక్కడితో ఆగలేదు

నర్సు కళ్లతో బడిని చూడటం మొదలెట్టాక లిలియన్‌కి ఇంకా చాలా కనిపించాయి. ఆకలితో కూర్చున్న పిల్లలు కనిపించారు. బడిలో భోజనం పెట్టాలన్నవాళ్లతో గొంతు కలిపింది. తరగతితో సమానంగా నడవలేని పిల్లలు కనిపించారు. వాళ్లకోసం ఎలిజబెత్ ఫారెల్ అనే టీచరు హెన్రీ వీధి బడిలో విడిగా తరగతి మొదలెడితే అండగా నిలిచింది. ఇరుకు గదుల్లో పాఠం చదువుకునే చోటులేని పిల్లల కోసం సెటిల్‌మెంట్‌లో చదువు గదులు తెరిచింది. వీధిలో బళ్ల కింద పడకుండా ఆడుకోవడానికి పెరడునే ఆటస్థలం చేసింది.

పిల్లల బాగోగులు చూడటానికి దేశానికంతటికీ ఒక ప్రభుత్వ విభాగం ఉండాలని స్నేహితురాలు ఫ్లోరెన్స్ కెల్లీతో కలిసి కొన్నేళ్లు పట్టుబట్టింది. 1912లో అది ఏర్పడింది. ఆ ఏడే ప్రజారోగ్య నర్సుల జాతీయ సంఘానికి తొలి అధ్యక్షురాలైంది. ఇద్దరు నర్సులతో మొదలైన హెన్రీ వీధి ఇంట్లో 1913 నాటికి 92 మంది పనిచేసేవారు. ఏడాదికి రెండు లక్షల సార్లు రోగుల ఇళ్లకి వెళ్లేవారు. నల్లజాతి నర్సుల్ని కూడా ఆమె పనిలోకి తీసుకుంది.

అన్నీ పూలబాటలే కాదు. మొదటి ప్రపంచయుద్ధం వద్దని గట్టిగా చెప్పినందుకు కొందరు దాతలు దూరమయ్యారు. ఆమె మాట మార్చుకోలేదు. 1918లో ఇన్‌ఫ్లుయెంజా విరుచుకుపడినప్పుడు మాత్రం నగరం మళ్లీ ఆమె వైపే చూసింది. నర్సులందర్నీ ఒకతాటిమీద నడిపించే బాధ్యత ఆమెదే అయింది. పెళ్లి చేసుకోలేదు. నలభయ్యేళ్లు ఆ పేటతోనే ముడిపడి బతికింది. ఆరోగ్యం పాడై 1933లో బాధ్యతల నుంచి తప్పుకుంది. 1940 సెప్టెంబరు 1న కన్నుమూసింది.

మన బళ్ల మాటేమిటి?

మనదేశంలో బడిపిల్లలకి వైద్యపరీక్షలు కొత్తకాదు. 1909లోనే బరోడాలో మొదలయ్యాయి. 1960లో కేంద్రప్రభుత్వం బడిపిల్లల ఆరోగ్యంపై ఒక కమిటీ వేసింది. దానికి అధ్యక్షురాలు రేణుకా రే, మహిళే. 2013 నుంచి రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద డాక్టర్లు, నర్సు, ఫార్మసిస్టు ఉన్న బృందాలు అంగన్‌వాడీలకీ సర్కారు బళ్లకీ వస్తున్నాయి. పుట్టుకతో వచ్చిన లోపాలు, పోషకాహార లోపం, జబ్బులు, ఎదుగుదలలో ఆలస్యం... ఈ నాలుగూ చూస్తారు. అవసరమైతే పై ఆస్పత్రికి రాసిస్తారు. ఆ వైద్యం ఉచితం.

సమస్యంతా ఆ రాసిచ్చిన తర్వాతే! నేను పనిచేసిన ఒక బడిలో ఆరో తరగతి అమ్మాయికి బోర్డు కనిపించడం లేదని పరీక్షలో తేలింది. కళ్ల డాక్టరుకి చూపించమని కార్డు రాశారు. ఆ కార్డు ఆర్నెల్లు జామెట్రీ బాక్సులోనే ఉంది. తల్లి బీడీలు చుట్టేది. ఒకరోజు ఆస్పత్రికెళ్తే ఆ రోజు పొయ్యి వెలగదు. వెళ్తే ఏ గదిలో ఎవర్ని అడగాలో తెలియదు. చివరికి మా బడి ఆయమ్మ సెలవు పెట్టి మరీ ఆ తల్లీకూతుళ్లని వెంటబెట్టుకుని వెళ్లింది. కళ్లద్దాలొచ్చాయి. వెనకబెంచీలో మొద్దు అనిపించుకున్న పిల్ల ఆ ఏడు లెక్కల్లో నెగ్గుకొచ్చింది. ఆ ఆయమ్మ లీనా రోజర్స్ పేరు విని ఉండదు. చేసింది మాత్రం అదే పని.

అందుకే తల్లులకీ, నా తోటి టీచర్లకీ ఒక మాట. ఈసారి మీ బడిలో వైద్యపరీక్షలు జరిగితే ఎంతమందిని చూశారని అడక్కండి. ఎంతమందికి రాసిచ్చారు, వాళ్లలో ఎంతమంది ఆస్పత్రికి వెళ్లారు, వెళ్లనివాళ్ల ఇంటికి ఎవరు వెళ్లారని అడగండి. పేరెంట్స్ మీటింగులో మార్కులతోపాటు ఈ లెక్క కూడా చెప్పమనండి. బడి దగ్గర ఒక నోటు పుస్తకం పెట్టి పిల్ల పేరు, జబ్బు, వెళ్లిన తారీకు రాసుకుంటే చాలు. మీ వీధిలో ఆశా కార్యకర్త ఉంటుంది, ఏఎన్ఎం ఉంటుంది. ఫలానా ఇంటికి ఒకసారి వెళ్లిరమ్మని చెప్పడానికి ఖర్చేమీ కాదు. ఆస్పత్రి దారి తెలిసినవాళ్లు తెలియనివాళ్లకి ఒక పూట తోడెళ్తే ఇంకా మంచిది.

ఇంకొకటి. పేలున్నాయనో, గజ్జి ఉందనో ఏ పిల్లనీ పదిమందిలో లేపి నిలబెట్టకండి. జబ్బు వారంలో పోతుంది, ఆ అవమానం పోదు. తలకి మందు పెట్టి, దువ్వి, జడవేసి మళ్లీ తరగతిలో కూర్చోబెట్టడం నెల్లాళ్ల ప్రయత్నంతో న్యూయార్క్ బళ్లు నేర్చుకున్నాయి. మన బళ్లకీ అదేం పెద్ద కష్టమైన పని కాదు.